స్కానింగ్ గదిలో ఎక్కించేదీ మందే

ఈ సంచికకు పదిమందికీ పనికొచ్చే పాఠం ఒకటి రాయమన్నారు. నేను డాక్టరును కాను. ఇరవై ఏడేళ్లుగా హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్న మాస్టారిని. అయినా ఈ పాఠం రాయడానికి నాకొక కారణం ఉంది. పోయిన సంవత్సరం మా ఇంట్లో జరిగిన సంగతి అది. అందులో సగం తప్పు మాది.

మా ఆపాకు 63 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగరు. కడుపునొప్పి తగ్గకపోతే డాక్టరుగారు ఇంజెక్షన్ ఎక్కించి సీటీ స్కాన్ తీయాలన్నారు. స్కానింగ్ కౌంటర్ దగ్గర అబ్బాయి ఒక కాగితం ముందుకు తోసి, "ఇక్కడొక సంతకం, కిందొక సంతకం సార్" అన్నాడు. ఇంగ్లీషులో పేజీన్నర ఉంది. ప్రశ్నపత్రం రెండుసార్లు చదివాకే కలం పట్టండని ప్రతి మార్చిలో పిల్లలకు చెప్పే నేను, ఒక్కసారి కూడా చదవకుండా రెండు చోట్లా సంతకం పెట్టేశాను.

లోపల టెక్నీషియన్ మాత్రం తెలుగులోనే అడిగాడట. "అమ్మా, మీకు పడనిది ఏదైనా ఉందా?" అని. "చేపలు పడవు బాబూ" అని ఆపా చెప్పింది. అతను రాసుకున్నాడు. స్కాన్ అయ్యాక చేతికి పెట్టిన సూది తీయకుండానే ఆమెను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. కాసేపటికి మెడ మీద దద్దుర్లు లేచాయి. "భాయ్, గొంతు ఎవరో నొక్కినట్టుంది" అన్నది. గొంతు మారిపోయింది. నేను కేక వేశాను. అక్కడి వాళ్లు వేగంగా కదిలారు. తొడకు ఒక ఇంజెక్షన్, ముఖానికి ఆక్సిజన్ మాస్కు, ఇంకో చేతికి సెలైన్. అరగంటలో తేరుకున్నది. ఆ రాత్రి అక్కడే ఉంచుకుని మర్నాడు పంపించారు.

ఆ సాయంత్రం పెద్ద డాక్టరుగారు వచ్చి అడిగారు, "ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా మందు ఎక్కించి స్కాన్ తీశారా?" అని. అప్పుడు గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట హైదరాబాదులో తీయించాం. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కనుక స్కాన్ అయిన వెంటనే ఎదురుగా ఉన్న హోటల్లో భోజనానికి కూర్చున్నాం. చేపల వేపుడు సగంలో ఉండగానే ఆపాకు ఒళ్లంతా దద్దుర్లు. మందుల షాపులో మాత్ర కొనుక్కుని బస్సెక్కాం. తప్పు చేప మీద వేశాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆమె పళ్లెంలో చేప ముక్క వేయలేదు. ఆ ఆస్పత్రివాళ్లకూ మేము చెప్పలేదు, ఏ కాగితంలోనూ ఎక్కలేదు. ఆరేళ్ల తర్వాత స్కానింగ్ గదిలో అడిగిన సరైన ప్రశ్నకు మేము నిజాయితీగా తప్పు జవాబు చెప్పాం.

ఆ తర్వాత ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను. తెలిసిన డాక్టర్లను అడిగాను. అర్థమైనది పదో తరగతి పిల్లలకు చెప్పినట్టే చెబుతాను.

ఆ సీసాలో ఏముంది?

ఎక్స్ కిరణాలతో తీసే చిత్రం అంటే నీడ. పరమాణు సంఖ్య పెద్దదైన మూలకం ఎక్స్ కిరణాలను ఎక్కువగా ఆపుతుంది, నీడ చిక్కగా పడుతుంది. ఎముకలో ఉన్న కాల్షియం సంఖ్య 20. కండలో, రక్తంలో ఎక్కువగా ఉండే కార్బన్ 6, ఆక్సిజన్ 8. అందుకే ఎముక స్పష్టంగా కనబడుతుంది. పేగు, కాలేయం, రక్తనాళం ఒకదాని నుంచి ఒకటి విడిగా కనబడవు. వాటిని చూడాలంటే పెద్ద సంఖ్య ఉన్న మూలకాన్ని రక్తంలోకి పంపాలి. అది అయోడిన్, సంఖ్య 53. దీన్నే కాంట్రాస్ట్ మందు అంటారు. మన వాళ్లు "డై" అంటారు. మాట డై కానీ దానికి రంగు లేదు. సీసాలో చూస్తే నీళ్లలాగే ఉంటుంది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ఎంత ఎక్కిస్తారు? సీటీ స్కాన్‌కు పెద్దవాళ్లకు ఇంచుమించు 100 మిల్లీలీటర్ల దాకా. ఒక్కో మిల్లీలీటరులో సుమారు 300 మిల్లీగ్రాముల అయోడిన్. అంటే 30 గ్రాములు. మన శరీరానికి రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. పిల్లల చేత ఈ లెక్క చేయించాను. 2 లక్షల రోజులకు, అంటే దాదాపు 550 ఏళ్లకు సరిపడే అయోడిన్ ఒకటి రెండు నిమిషాల్లో నరంలోకి వెళుతోంది. భయపడనక్కర్లేదు. ఆ అయోడిన్ పెద్ద అణువులో గట్టిగా బంధింపబడి ఉంటుంది, దాదాపు అలాగే కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. కిడ్నీలు బాగా పనిచేస్తే ప్రతి రెండు గంటలకు ఒంట్లో ఉన్నదానిలో సగం పోతూ, ఒక రోజుకల్లా దాదాపు ఖాళీ అవుతుంది. కానీ ఇంత మోతాదులో ఒంట్లోకి వెళ్లేదాన్ని "స్కాన్‌లో భాగం" అనుకుని ఊరుకుంటున్నామే, అదీ నా బాధ. ఇంట్లో పారాసెటమాల్ ఇచ్చేటప్పుడు కూడా ఎక్స్‌పైరీ తేదీ చూస్తాం. దీని పేరు కూడా అడగం.

పాతకాలం కాంట్రాస్ట్ మందులు రక్తం కంటే అయిదారు రెట్లు గాఢంగా ఉండేవి. ఎక్కించేటప్పుడు నొప్పి, మంట. స్వీడన్ రేడియాలజిస్టు టోర్‌స్టెన్ ఆల్మెన్‌కు ఇది నచ్చలేదు. సముద్రపు ఉప్పునీటిలో కళ్లు తెరిచి ఈదితే మండుతాయి, ఉప్పు తక్కువ ఉన్న నీటిలో మండవు. రక్తనాళానికీ అంతే కదా అని ఆయన ఆలోచించాడు. 1969లో ఆ సిద్ధాంతాన్ని ప్రచురించాడు. దాని నుంచే ద్రవంలో అయాన్లుగా విడిపోని కొత్తరకం మందులు వచ్చాయి. ద్రవాభిసరణం పాఠం చెప్పేటప్పుడు ఇప్పుడు నేను ఉప్పు వేసిన దోసకాయ ముక్కతో పాటు ఈ కథ కూడా చెబుతున్నాను.

ఆ మార్పు ఎంత మేలు చేసిందో జపాన్‌లో 3 లక్షల మందికి పైగా రోగుల మీద చేసి 1990లో ప్రచురించిన పరిశీలన చూపింది. పాత మందుతో ఏదో ఒక ఇబ్బంది వచ్చినవారు నూటికి 12 మందికి పైగా. కొత్త మందుతో 3 మంది. తీవ్రమైన ఇబ్బందులైతే కొత్త మందుతో పది వేలకు 4. కాబట్టి డాక్టరు అవసరమని చెప్పిన స్కాన్‌ను ఈ వ్యాసం చదివి ఎవరూ మానుకోవద్దు. పది వేలకు 4 చాలా తక్కువ. మా ఆపా ఆ నలుగురి దరిదాపులకు వెళ్లివచ్చింది, అంతే.

మూడు గిన్నెలు

ఇప్పుడు రంగులేని ద్రవం సంగతికి వద్దాం. 2004 నవంబరులో అమెరికాలోని సియాటిల్ నగరంలో వర్జీనియా మేసన్ ఆస్పత్రికి మేరీ మెక్లింటన్ అనే 69 ఏళ్ల ఆవిడ మెదడు రక్తనాళంలో వచ్చిన ఉబ్బుకు చికిత్స కోసం వచ్చింది. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి ఎక్స్ కిరణాల తెర మీద చూస్తూ చేసే పని అది. రేడియాలజీ విభాగంలోనే జరుగుతుంది. బల్ల మీద స్టీలు గిన్నెలు మూడు ఉన్నాయి. ఒకదానిలో సెలైన్, ఒకదానిలో కాంట్రాస్ట్, ఒకదానిలో చర్మం శుభ్రం చేసే క్లోర్‌హెక్సిడిన్. మూడూ నీళ్లలాగే ఉన్నాయి. దేని మీదా పేరు లేదు. కాంట్రాస్ట్ అనుకుని సిరంజిలోకి తీసి ఎక్కించింది క్లోర్‌హెక్సిడిన్. ఒక అవయవం తర్వాత ఒకటి దెబ్బతిని, 19 రోజులకు ఆవిడ చనిపోయింది.

ఇందులో తాగుబోతు లేడు, దొంగ లేడు, చదువురానివాడు లేడు. అంతకుముందు ఆ ఆస్పత్రిలో చర్మానికి గోధుమరంగు అయోడిన్ మందు వాడేవారు. దాన్ని చూడగానే తెలిసిపోయేది. ఇన్ఫెక్షన్లు తగ్గించడానికి మంచిదని రంగులేని మందుకు మారారు. మంచికని చేసిన మార్పులో ఒక కాపలా పోయింది. దాని స్థానంలో ఒక చీటీ అంటించాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఆస్పత్రి తర్వాత చేసిన పని నన్ను ఎక్కువగా కదిలించింది. దాచిపెట్టలేదు. తప్పు మాదేనని కుటుంబానికీ, ఊరంతటికీ చెప్పి క్షమాపణ కోరింది. ఏటా రోగుల భద్రత కోసం పనిచేసిన తమ సిబ్బంది బృందానికి ఆవిడ పేరు మీద పురస్కారం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే అక్కడి జాయింట్ కమిషన్ 2006 నుంచి, ఆపరేషన్ బల్ల మీద గిన్నె అయినా సిరంజి అయినా పేరు రాయకుండా ఉంచకూడదని నియమం పెట్టింది. మన బళ్లలో ప్రయోగశాలలోనూ ఇదే మొదటి పాఠం. సజల ఆమ్లమూ నీళ్లూ చూడటానికి ఒకటే కదా.

అదే 2006లో అమెరికాలో మందుల ప్రమాణాలు నిర్ణయించే యు.ఎస్. ఫార్మకోపియా సంస్థ, 2000 నుంచి 2004 వరకు రేడియాలజీ విభాగాల నుంచి తమకు అందిన 2,032 మందుల పొరపాట్లను పరిశీలించి నివేదిక ఇచ్చింది. వాటిలో నూటికి 12 రోగికి హాని చేశాయి. ఆస్పత్రి అంతటిలో జరిగే మందుల పొరపాట్లతో పోలిస్తే ఇది 7 రెట్లకు పైగా.

ఎందుకిలా? వార్డులో అయితే డాక్టరు మందు రాస్తారు, ఫార్మసిస్టు చూసి ఇస్తాడు, నర్సు సరిచూసి వేస్తుంది. మూడు జతల కళ్లు. స్కానింగ్ గదిలో మందు అల్మరాలోనే ఉంటుంది. మధ్యలో ఫార్మసిస్టు సాధారణంగా ఉండడు. రాసిన డాక్టరు ఇంకో అంతస్తులోనో ఇంకో ఊళ్లోనో ఉంటారు. రోగి స్ట్రెచర్ మీద వస్తాడు, కేస్ షీట్ వెనక వస్తుంది, ఒక్కోసారి రాదు. రోగిని టెక్నీషియన్ చూసేది పదిహేను నిమిషాలే. మన దగ్గర అయితే బయటి స్కానింగ్ సెంటర్‌కు ఒక చిన్న చీటీ పట్టుకుని వెళతాం. దాని మీద "సీటీ, కడుపు, కాంట్రాస్ట్" అని మూడు ముక్కలు ఉంటాయి. మిగిలిన చరిత్ర అంతా ఆ గదిలోకి వెళ్లేది మన నోటితోనే.

మనం చెప్పవలసినవి

మొదటిది, ఇంతకుముందు ఇలాంటి మందు ఎక్కించారా, ఏమైంది అన్నది. ఒకసారి పడనివారికి మళ్లీ పడకపోయే అవకాశం మిగతావారికంటే సుమారు 5 రెట్లు ఎక్కువ. దద్దుర్లే కదా అని వదలకూడదు. చెబితే డాక్టర్లు వేరే కాంట్రాస్ట్ వాడతారు, ముందుగా మాత్రలు ఇస్తారు, లేదా మందు లేకుండా వేరే పరీక్ష చేస్తారు. ఉబ్బసం ఉన్నా చెప్పాలి.

చేపలు, రొయ్యలు పడకపోవడానికీ కాంట్రాస్ట్‌కూ ప్రత్యేక సంబంధం లేదు. రెండింటిలోనూ అయోడిన్ ఉంది కనుక అనే మాట చాలామంది, కొందరు చదువుకున్నవారు కూడా అంటారు. రొయ్యలు పడనివారికి పడనిది వాటిలోని ఒక ప్రొటీన్, అయోడిన్ కాదు. అయోడిన్ మనందరి థైరాయిడ్‌లోనూ ఉంది.

రెండవది కిడ్నీలు. మందు బయటికి పోయే దారి అదే కనుక ముందు క్రియాటినిన్ పరీక్ష చేయిస్తారు. ఇక్కడొక తిరకాసు ఉంది. క్రియాటినిన్ 1.2 అని వస్తే "నార్మలే" అని సంతోషిస్తాం. అదే 1.2, పాతికేళ్ల కుర్రవాడిలో కిడ్నీల వడపోత సుమారు 86 అని చెబితే, 65 ఏళ్ల స్త్రీలో సుమారు 50 అని చెబుతుంది. అందుకే వయసు, లింగం కలిపి లెక్కవేసిన ఈజీఎఫ్ఆర్ అనే అంకె అడగాలి. అది 30 కంటే తక్కువైతే డాక్టర్లు చాలా ఆలోచించి గానీ ఈ మందు వాడరు. వాంతులు, విరేచనాలతో నీరసించి ఉన్నా చెప్పాలి, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీల మీద భారం పడుతుంది. రంజాన్‌లో స్కాన్ పడితే రోజాలో ఉన్న సంగతి అపాయింట్‌మెంట్ రోజే చెప్పి, తేదీ మార్చవచ్చా అని అడగండి. మార్చడానికి వీల్లేని జబ్బు అయితే, రోగికి రోజాను తర్వాత తీర్చుకునే వెసులుబాటు ఉన్న సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

మూడవది మెట్‌ఫార్మిన్. షుగరు ఉన్నవారిలో చాలామంది వేసుకునే మాత్ర ఇది. మంచి మందు. కిడ్నీలను పాడుచేయదు. కానీ కాంట్రాస్ట్ వల్ల కిడ్నీ ఒకవేళ మందగిస్తే, మెట్‌ఫార్మిన్ బయటికి పోక ఒంట్లో పేరుకుంటుంది, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరగవచ్చు. అరుదు, కానీ ప్రాణాంతకం. అందుకే కిడ్నీల వడపోత బాగా తగ్గినవారికి స్కాన్ సమయం నుంచి 48 గంటలు ఈ మాత్ర ఆపి, కిడ్నీ పరీక్ష మళ్లీ చూశాకే మొదలుపెట్టమంటారు. కిడ్నీలు బాగున్నవారికి ఆపనక్కర్లేదని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా కొన్ని ఆస్పత్రులు అందరికీ ఆపుతాయి. మీ డాక్టరు చెప్పినట్టు చేయండి, సొంతంగా ఆపవద్దు.

చిక్కు ఎక్కడంటే, "మెట్‌ఫార్మిన్ వేసుకుంటారా?" అని అడిగితే మా ఆపా "లేదు" అనే చెప్పేది. ఆమెకు తెలిసిన పేరు అట్ట మీది కంపెనీ పేరు. మన దగ్గర షుగరు మాత్రలు రెండు మూడు మందులు కలిపినవే ఎక్కువ. పేరు చివర "ఎం" అని ఉంటే తరచుగా అందులో మెట్‌ఫార్మిన్ ఉన్నట్టు. లేకపోయినా ఉండవచ్చు. మాత్రల అట్ట తిప్పి, వెనక చిన్న అక్షరాల్లో చూడండి. కళ్లజోడు లేకపోతే అట్టనే పట్టుకెళ్లి చూపించండి, అన్నిటికంటే అదే తేలిక.

థైరాయిడ్ ఎక్కువ పనిచేసే జబ్బు ఉన్నా, దానికి రేడియో అయోడిన్ చికిత్స చేయించుకోబోతున్నా చెప్పాలి. గర్భం ఉందేమో అన్న అనుమానం ఉన్నా చెప్పాలి. ఎమ్మారైకి ఎక్కించే మందు వేరు. అందులో అయోడిన్ కాక గాడోలినియం అనే లోహం ఉంటుంది. దానికి కూడా ఇంతకుముందు పడిందా లేదా అని చెప్పుకోవాలి. ఎమ్మారై గది బయట గాజులు, తావీజు తీయమంటారు, మనమూ తీస్తాం. చర్మానికి అంటించుకునే మందు ప్యాచ్ గురించి మాత్రం ఎవరికీ గుర్తురాదు. కొన్నిటి వెనక సన్నని లోహపు రేకు ఉండి, లోపల వేడెక్కి చర్మం కాలుతుంది. దీని మీద అమెరికా మందుల శాఖ 2009లోనే హెచ్చరించింది.

మందు ఎక్కాక

ఎక్కేటప్పుడు ఒళ్లు వెచ్చబడటం, నోట్లో ఇనుము రుచి, మూత్రం వస్తున్నట్టు అనిపించడం మామూలే. సూది పెట్టిన చోట వాపు, మంట వస్తే మాత్రం స్కాన్ ఆగిపోతుందేమోనని ఓర్చుకోకూడదు. అప్పుడే చెప్పాలి. మందు నరం బయటికి పోతోందని అర్థం.

తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువగా మొదటి 20, 30 నిమిషాల్లోనే వస్తాయి. కాబట్టి సూది తీసేయమని తొందరపెట్టకుండా, ఆటో బయట ఆగి ఉన్నా సరే, అరగంట అక్కడే కూర్చోండి. దద్దుర్లు, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, కళ్లు తిరగడం, వీటిలో ఏది వచ్చినా నర్సు కోసం వెతకవద్దు, గట్టిగా పిలవండి. అలాంటప్పుడు ప్రాణం నిలిపేది తొడ కండకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. మా ఆపాకు ఇచ్చింది అదే. కొందరికి వారంలోపు ఎప్పుడైనా దద్దుర్లు రావచ్చు, అవి కూడా డాక్టరుకు చెప్పాలి.

ఇలా మందు పడకపోతే ఆ సంగతి నమోదు చేసే ఏర్పాటు మన దేశంలో 2010 నుంచి ఉంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. 1800 180 3024 అనే ఉచిత నంబరుకు రోగి అయినా, రోగి బంధువైనా ఫోన్ చేసి చెప్పవచ్చు. ఎవరినీ శిక్షించడానికి కాదు, లెక్క తెలియడానికి.

ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు నేను చేసిన మంచిపని ఒకటే. ఎక్కించిన మందు పేరు, మోతాదు, తేదీ, ఏం జరిగింది, ఏ చికిత్స ఇచ్చారు అన్నవి డిశ్చార్జి కాగితంలో రాయమని అడిగాను. డాక్టరుగారు విసుక్కోకుండా రాశారు. వాటినే ఒక అట్టముక్క మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఎత్తిరాసి, వెనకవైపు ఆమె వేసుకునే మాత్రల పేర్లు, చివరి ఈజీఎఫ్ఆర్ రాసి ఆపా పర్సులో ఆధార్ కార్డు పక్కన పెట్టాను. పదో తరగతి పిల్లలకు దీన్నే ప్రాజెక్టుగా ఇచ్చాను, ఇంట్లో పెద్దవాళ్లకు తలా ఒక కార్డు తయారుచేసి తెమ్మని. ముప్పై ఎనిమిది మందిలో పదకొండు మంది తమ నానమ్మకో తాతకో ఏదో ఒక మందు పడదన్న సంగతి మొదటిసారి తెలుసుకుని వచ్చారు.

తర్వాత అలర్జీ డాక్టరు దగ్గర పరీక్ష చేయించాం. చేపల వల్ల కాదని తేలింది. మొన్న ఆదివారం మా ఇంట్లో కొరమీను పులుసు పెట్టాం. ఆరేళ్ల బాకీ కదా, ఆపా రెండుసార్లు వడ్డించుకున్నది.